బాగుంది గానీ ఆడదు

మన హాస్టల్లో సినిమా రివ్యూ ఒక్క వాక్యంలో తేలిపోతుంది. "బాగుందిరా, గానీ ఆడదు." ఈ మాట అన్నవాడు సినిమా చూసి ఉండొచ్చు, చూడకపోయి ఉండొచ్చు. ఫైట్ల సినిమాకి ఈ మాట రాదు. దెయ్యాల సినిమాకి అసలే రాదు. నవ్విస్తూ నవ్విస్తూ మధ్యలో దేవుడి గురించో, చావు గురించో, ప్రేమ ఎన్నాళ్ళు ఉంటుందన్న దాని గురించో ఒక తిక్క ప్రశ్న వేసే సినిమాలకే వస్తుంది. డాక్టరు నాడి చూసి జబ్బు పేరు చెప్పినంత నమ్మకంగా చెప్పేస్తారు.

ఎందుకు ఆడదు అని ఎదురడిగితే రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "మన జనాలకి అర్థం కాదు." రెండోది, "కామెడీ కావాలంటే కామెడీ తియ్యాలి, వేదాంతం కావాలంటే ప్రవచనం పెట్టుకోవాలి, రెండూ కలిపితే ఎలా?" ఈ రెండు జవాబులతోనూ నాకు పేచీ ఉంది. ఆ పేచీ కాస్త వివరంగా పెట్టుకుందామనే ఇది రాస్తున్నాను.

మనందరికీ తెలిసిన కేసునే తీసుకుందాం. 'ఖలేజా'. 2010 అక్టోబరు 7న విడుదలైంది. త్రివిక్రమ్ దర్శకుడు, మహేష్ బాబు హీరో, మణిశర్మ సంగీతం. 2007లో 'అతిథి' తర్వాత మూడేళ్ళకి వచ్చిన మహేష్ సినిమా. అభిమానులు ఎంత ఆకలి మీద ఉండి ఉంటారో ఊహించుకోండి. తీరా చూస్తే హీరో ఒక టాక్సీ డ్రైవర్. నోరు ఆగదు. పాలి అనే ఊళ్ళో జనం అంతుచిక్కని రోగంతో చచ్చిపోతుంటారు. తమని కాపాడే దేవుడు ఇతనే అని వాళ్ళు నమ్ముతారు. ఇతనేమో నేను దేవుణ్ణేంటి అని తల పట్టుకుంటాడు. దేవుడే తన మీద తనకి నమ్మకం లేని నాస్తికుడైతే ఎలా ఉంటుంది అన్నది కథ. థియేటర్లలో దెబ్బతింది. ఆ తర్వాత టీవీలో వేశారు. మళ్ళీ వేశారు. మళ్ళీ మళ్ళీ వేశారు. 2025 మే 30న రీ-రిలీజ్ చేస్తే జనం ఎగబడి చూశారు. అద్భుతం గురించి ఆ సినిమాలో ఒక డైలాగు ఉంది. మీ అందరికీ కంఠతా వచ్చు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఆ డైలాగు ఆ సినిమాకే వర్తించడం మాత్రం విచిత్రం.

ఇప్పుడు మొదటి జవాబు సంగతి చూడండి. జనాలకి అర్థం కాదంటారు. 2010లో అర్థం కానిది 2025లో ఎలా అర్థమైంది? ఈ పదిహేనేళ్ళలో మనమేమీ ఊరూరా తత్వశాస్త్రం కోర్సు చేయలేదు కదా. పైగా ఆ సినిమాలో అర్థం కాకపోవడానికి ఏముంది? కష్టంలో ఉన్నవాడికి చెయ్యందించినవాడే దేవుడు అన్నమాట మన ఇళ్ళలో రోజూ వినిపించేదే. అప్పు తీర్చుకోవడానికి ఇంకో నెల గడువిచ్చినవాణ్ణి కూడా "దేవుళ్ళా వచ్చావు బాబూ" అంటాం.

రెండో జవాబు, కామెడీకీ వేదాంతానికీ పడదు అన్నది. ఇదీ నిలవదు. 2011 సెప్టెంబరులో 'దూకుడు' వచ్చింది. అదే మహేష్, అదే వాగుడు, అదే టైమింగ్. పెద్ద హిట్టు. అంటే జనం ఏడాది తిరక్కుండానే ఆ కొత్త మహేష్‌ని ఒప్పేసుకున్నారు. తేడా ఒక్కటే. 'దూకుడు' ప్రేక్షకుణ్ణి ఏ ప్రశ్నా అడగదు. 'ఖలేజా' అడుగుతుంది. దాన్నిబట్టి వేదాంతమే దోషి అని తేల్చేయొచ్చు. కానీ అలా తేల్చేస్తే వేదాంతం, నవ్వు రెండూ ఉండి కూడా ఇరగాడిన సినిమాలకి మనం లెక్క చెప్పలేం. ఆ లెక్క కాసేపట్లో చెబుతాను. ముందు నా సొంత లెక్క ఒకటుంది.

మాది ఉద్దానం. కవిటి మండలంలో ఒక పల్లె. కొబ్బరి, జీడి, పనస. బయటివాళ్ళు మా వైపుని మినీ కోనసీమ అంటారు, ఆ తర్వాత గొంతు తగ్గించి కిడ్నీల గురించి అడుగుతారు. మా తాత కొబ్బరి రైతు. నేను ఏడో తరగతిలో ఉండగా ఆయనకి డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు వెళ్ళి వచ్చేవాడు. ఆ మిషన్‌కి ఆయన పెట్టిన పేరు బోరు మోటారు. "ఈ రోజు మోటారు కాడికి ఎల్లాల" అని చెప్పి చొక్కా వేసుకునేవాడు. సిగ్గూ లేదు, బెంగా లేదు. ఉన్నా మాకు కనపడనిచ్చేవాడు కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో 'ఖలేజా' వస్తోంది. నేను అప్పటికే రెండుమూడు సార్లు చూశాను. సునీల్, బ్రహ్మానందం, అలీ కోసం చూసేవాణ్ణి. తాత మంచం మీద పడుకుని చూస్తున్నాడు. పాలి ఊళ్ళో జనం పడిపోతున్న సీన్ వచ్చేసరికి లేచి కూర్చున్నాడు. తర్వాత ఆయనకి మగత వచ్చేసింది. మెలకువ వచ్చేసరికి సినిమా అయిపోయింది. నన్ను పిలిచి అడిగింది ఒకటే. "ఏరా బావూ, ఆ ఊరోలకి ఆ రోగం ఎందుకొచ్చిందో తెలిసిందేటి?"

తెలిసింది తాతా, ఆ ఊరి కింద ఖనిజం ఉంది, దాని కోసం ఒక పెద్ద వ్యాపారి వీళ్ళని చంపిస్తున్నాడు అని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత నవ్వేడు. "అదురుష్టవంతులు. ఆలకి కారణం దొరికీసింది. మనకి దేవుడు రాకపోతే మానె, ఎందుకొచ్చిందో సెప్పినోడొస్తే సాలు."

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద దేశంలోవాళ్ళూ, విదేశాలవాళ్ళూ ఎన్నో పరిశోధనలు చేశారు. నీళ్ళన్నారు, సిలికా అన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, జన్యువులన్నారు. ఫలానాదే కారణం అని ఇప్పటికీ అందరూ ఒప్పుకునేలా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. వంశధార నీళ్ళు పైపుల్లో వచ్చాయి. తాత వాటిని చూడలేదు, 2019లోనే పోయాడు.

ఆ మధ్యాహ్నం తర్వాత నాకు 'ఖలేజా' వేరే సినిమా అయిపోయింది. అంతకుముందు నాకు పాలి గ్రామం అంటే కామెడీ సీన్ల మధ్య వచ్చే ఇసుక. బోర్ కొట్టినప్పుడు నీళ్ళు తాగడానికి లేచే టైము. ఊరి మీద రోగం పడితే మనుషులు సైన్సుని అడుగుతారు, సైన్సు నోరు విప్పకపోతే దేవుణ్ణి అడుగుతారు, దేవుడూ పలక్కపోతే దారినపోయే టాక్సీ డ్రైవర్‌ని పట్టుకుని నువ్వే దేవుడివి అంటారు. ఇది త్రివిక్రమ్ ఊహ అనుకునేవాణ్ణి. మా వీధి కూడా అదేనని అప్పుడు తెలిసింది. మా ఊరికి కొత్త డాక్టరొచ్చినా, కొత్త కలెక్టరొచ్చినా, నీళ్ళ సీసాలు పట్టుకుని ఏ యూనివర్సిటీ పిల్లలొచ్చినా, నాయనమ్మ వాళ్ళ కేసి చూసే చూపు పాలి గ్రామం చూపే.

నా మాట ఇదే. ఇలాంటి సినిమా ఒక ప్రశ్నకి జవాబు. నవ్వుతూ చెప్పే జవాబు. ఆ ప్రశ్న ప్రేక్షకుడి ఇంట్లో అప్పటికే ఉంటే సినిమా అతనికి తగుల్తుంది. లేకపోతే అడగని ప్రశ్నకి జవాబు చెప్పినట్టుంటుంది. క్లాసులో మనం అడగని డౌటుని మాస్టారు అరగంట వివరిస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అర్థం కాక కాదు, అవసరం లేక నిద్రొస్తుంది.

ఇందాక బాకీ పెట్టిన లెక్క ఇప్పుడు చెబుతాను. విజయనగరంలో మొదలుపెడదాం. 'కన్యాశుల్కం' సినిమా కాదు, నాటకం. కానీ నవ్వుతో ప్రశ్న వేయడంలో దాన్ని మించింది తెలుగులో ఏముంది? ముసలి లుబ్ధావధాన్లుకి చిన్నపిల్లని ఇచ్చే పెళ్ళి ఆపడానికి మగపిల్లాడికి ఆడవేషం వేసి కట్టబెడతారు. చదువు చెప్పమని అప్పగిస్తే గిరీశం వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పుతాడు. 1892లో దాన్ని విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాశారు. విశాఖ మండలంలో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళకి మహారాజా ఆనంద గజపతి జాబితా తయారు చేయిస్తే వెయ్యికి పైగా తేలాయని గురజాడే ముందుమాటలో రాశారు. వెయ్యి పెళ్ళిళ్ళంటే వెయ్యి ఇళ్ళు. ఆ నాటకం చూసినవాళ్ళ పక్కింట్లోనో, సొంతింట్లోనో ఒక లుబ్ధావధాన్లు ఉన్నాడు. ప్రశ్న ఇంట్లో కూర్చుని ఉండగా నాటకం వచ్చి తలుపు కొట్టింది.

ఇప్పటి సినిమాల్లో 'బలగం' చూడండి. 2023 మార్చి 3న వచ్చింది. పెద్ద హీరో లేడు. ముసలాయన పోతే పెట్టిన పిండం కాకి ముట్టదు. ఎందుకు ముట్టదు అన్నదే కథంతా. చావింట్లో నవ్వు, పంతాలు, బావాబామ్మర్దుల అలకలు. తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు, చూసి ఏడ్చారు. చచ్చిపోయినవాడు మన మీద అలిగి పోయాడా అన్న ప్రశ్న లేని ఇల్లు ఏది? మా వైపు కూడా కాకి రాకపోతే పెద్దవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. యాస వేరు, కాకి ఒకటే. వేదాంతం, నవ్వు కలిస్తే ఆడదు అనేవాళ్ళకి 'బలగం' ఒక్కటి చాలు.

మన జిల్లాకే సంబంధం ఉన్న ఇంకో సినిమా 'మిథునం'. శ్రీరమణ కథ, తనికెళ్ళ భరణి దర్శకత్వం, 2012 డిసెంబరులో విడుదల. తీసింది శ్రీకాకుళం జిల్లాలోనే. తెర మీద కనపడేది ఇద్దరే, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. అప్పదాసు తిండి యావ, బుచ్చిలక్ష్మి దెప్పిపొడుపులు. నవ్వుకుంటూ నవ్వుకుంటూ చివరికి ఎక్కడికొస్తామంటే, మనిద్దర్లో ఎవరు ముందు పోవాలి అన్న చోటికి. ఈ సినిమాని మొన్న మా రూంలో పెడితే ఇరవై నిమిషాలకి ముగ్గురు ఫోన్లు తీశారు. వాళ్ళని తప్పుపట్టలేను. ఎవరు ముందు పోతారన్న బెంగ ఇరవై ఏళ్ళకి ఎందుకుంటుంది? మనకున్న బెంగల్లా ప్లేస్‌మెంట్ ఎవరికి ముందొస్తుందన్నదే. అదే సినిమాని మా నాయనమ్మ ఫోన్‌లో చూసింది. మొదట అప్పదాసు కోరికలకి పడీపడీ నవ్వింది. చివర్లో బుచ్చిలక్ష్మి మాటలు విని, "మంచి పని సేసింది, మగోలు ఒంటరిగా బతకలేరు" అని ఫోన్ నాకిచ్చేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. తాత పోయిన రెండో ఏడాది అది.

'ఆరెంజ్' సంగతీ అంతే అనిపిస్తుంది. 'ఖలేజా' వచ్చిన నెలన్నరకి, 2010 నవంబరు 26న వచ్చింది. జీవితాంతం ప్రేమిస్తానని అబద్ధం చెప్పను, ప్రేమ ఉన్నన్నాళ్ళే ప్రేమిస్తాను అంటాడు హీరో. ఆ నష్టం తననెంత కుంగదీసిందో నిర్మాత నాగబాబు తర్వాత బహిరంగంగానే చెప్పుకున్నారు. 2023 మార్చిలో రామ్ చరణ్ పుట్టినరోజుకి మళ్ళీ వేస్తే హాళ్ళు నిండాయి. వచ్చినవాళ్ళు మన వయసువాళ్ళు. బ్లాక్ చేయడం, అన్‌బ్లాక్ చేయడం, మళ్ళీ బ్లాక్ చేయడం తెలిసిన వయసు. ప్రేమకి గడువు తేదీ ఉంటుందా అన్న ప్రశ్న 2010లో తెర మీద వింతగా కనిపించి ఉండొచ్చు. ఇప్పుడది వాట్సాప్ స్టేటస్. ఇది మన దగ్గరే జరిగేది కూడా కాదు. అమెరికాలో 1998లో వచ్చిన 'ది బిగ్ లెబౌస్కీ' అప్పుడు అంతంతమాత్రం. నాలుగేళ్ళకి దాని పేరు మీద అభిమానులు పండగే మొదలుపెట్టారు.

మరి థియేటర్లో ఎందుకు దొరకరు ఈ ప్రేక్షకులు? ఇక్కడ లెక్కలు తెలియాలి. మన తెలుగు సినిమాని ఏరియాలవారీగా అమ్ముతారు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, ఇలా. మన పాత మూడు జిల్లాలూ కలిపి ఉత్తరాంధ్ర. కొన్నవాడు పెట్టిన డబ్బు మొదటి మూడు రోజుల్లోనే చాలావరకు లాగాలి. ఆ మూడు రోజులూ హాల్లో ఉండేది ఎవరు? హీరో కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళ దగ్గరా ప్రశ్న ఉంది, కానీ అది వేరే ప్రశ్న. మావాడి ఎంట్రీ ఎలా ఉంది, ఫైట్లెన్ని, రికార్డు కొడుతుందా. ఆ ప్రశ్నకి సినిమా జవాబు చెప్పకపోతే సాయంత్రానికి టాక్ పోతుంది. మా తాతలాంటి వాళ్ళ చెవిన పడేలోపు పోస్టరు మారిపోతుంది. అయినా డయాలసిస్ పేషెంటు ఫస్ట్ డే ఫస్ట్ షోకి వస్తాడా? ఈ సినిమా వెతుక్కుంటున్న మనిషి ఇంట్లో మంచం మీద ఉన్నాడు. అందుకే సినిమాయే టీవీలో దూరి అతని దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

బడ్జెట్ చిన్నదైతే ఈ ఇబ్బంది తగ్గుతుంది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' అలాగే బతికింది. ఎక్కువమంది కొత్త మొహాలే, మన పక్క విశాఖ వీధులే, మన మాటే. దేవుడి మీదా, కులం మీదా, ప్రేమ మీదా అంత బరువైన ప్రశ్నలు వేసినా జనం మోశారు. హీరో కోసం వచ్చేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, వచ్చినవాళ్ళంతా ఆ ప్రశ్న కోసమే వచ్చినట్టయింది.

ఇదంతా చదివి, ఆడని ప్రతి తిక్క సినిమానీ గొప్పదని నేనంటున్నట్టు అనుకోవద్దు. కొన్ని నిజంగానే బాగోవు. వాటికో లక్షణం ఉంటుంది. గంటన్నర నవ్వించి, ఆ తర్వాత నవ్వుని పక్కన కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలెడతాయి. డైరెక్టరుకి తన ప్రశ్న మీద నమ్మకం లేదన్నమాట. జోకులోనే ప్రశ్న ఉంటే మళ్ళీ చెప్పనక్కర్లేదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మా తోటలన్నీ పడగొట్టేసింది. తెల్లారి తాత వెళ్ళి తోటంతా చూసి, కూలిన చెట్టు మీదే కూర్చుని, "నాను పోతే ఇయ్యి నా మీద ఏడుస్తాయనుకున్నాను. ఇప్పుడు నానే ఈటి మీద ఏడవాల. లెక్క తిరగబడిపోనాది" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వేరు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. అంతే, అక్కడితో సీన్ అయిపోయింది. దాని మీద ఆయన ఇంకో రెండు నిమిషాలు జీవితం గురించి మాట్లాడి ఉంటే మేం ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం.

చివరికి తేలేదేమిటంటే, ఇవి ఆలస్యంగానైనా తమ మనుషుల్ని కలుసుకుంటాయి. మనకది సంతోషమే. కానీ ఆ ఆలస్యానికి వడ్డీ కట్టేది వేరేవాళ్ళు. రీ-రిలీజ్‌లో మనం చల్లిన కాగితాలు 2010లో డబ్బు పోగొట్టుకున్న బయ్యరుకి చేరవు. దర్శకుడు కూడా మనిషే, దెబ్బ తగిలిన చోటికి మళ్ళీ వెళ్ళడు. 'ఖలేజా' తర్వాత త్రివిక్రమ్ అంత వింత ప్రశ్నతో ఇంకో సినిమా తీయలేదని నా అభిప్రాయం. అంటే మనం మీమ్స్‌లో మెచ్చుకున్న సినిమా ఒకటుంటే, మనం హాలుకి వెళ్ళకపోవడం వల్ల పుట్టకుండా పోయిన సినిమాలు ఎన్నో ఉంటాయి.

అందుకే ఈసారి మన క్లబ్ షార్ట్ ఫిలిం పోటీకి వచ్చిన స్క్రిప్టులు చదువుతున్నప్పుడు, ఇది ఆడుతుందా అని కాకుండా, ఈ ప్రశ్న ఎవరింట్లో ఉంది అని అడగడం మొదలుపెట్టాం. సెకండియర్ కుర్రాడొకడు ఒక కథ తెచ్చాడు. హాస్టల్ స్టూడెంట్ చచ్చిపోయి యముడి దగ్గరికి వెళ్తాడు. చిత్రగుప్తుడు రిజిస్టరు తీసి, నువ్వు బతికిన రోజుల్లో నిజంగా బతికినవి అరవై ఎనిమిది శాతమే, డెబ్భై ఐదు లేదు అంటాడు. వీడు కండొనేషన్ ఫీజు కడతాను, ఇంకో సెమిస్టర్ ఇవ్వండి అని బతిమాలతాడు. చదివి ముందు పడీపడీ నవ్వేం. తర్వాత నలుగురం కాసేపు ఎవరి శాతం వాళ్ళు లెక్కేసుకున్నట్టున్నాం, గదిలో ఫ్యాను చప్పుడొక్కటే వినపడింది.

"ఆడుతుందంటావా అన్నా?" అని అడిగాడు వాడు.

"తెలీదు తమ్ముడూ. గానీ డీటెయిన్ అయినోళ్ళందరూ ముందు వరసలో కూర్చుంటారు" అన్నాను.